దారంతో కోసిన గుడ్డు

ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. ఎక్కడ సంపాదించాడో గానీ, మట్టిపొయ్యి మీద సత్తుగిన్నెలో కోడిగుడ్ల పులుసు ఉడుకుతున్న ఫొటో. కింద నాలుగు ముక్కలు రాశాడు. "నాయనమ్మ చేతి గుడ్ల పులుసు. ఆ రుచి, ఆ ఆప్యాయత ఇప్పుడేవి? ఆ రోజులే వేరు." వాడికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉంది. ఆదివారం షాపు మూసేస్తే వాడికి చిన్నతనం గుర్తొస్తుంది. మా అక్క ఆ ఫొటో కింద దణ్ణం బొమ్మలు పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి సంగతి, ఆ పులుసు కాచింది నాయనమ్మ కాదు, మా అమ్మ. నాయనమ్మ పంచిందంతే. ఆ గుడ్లు పెట్టిన కోళ్ళకు నూకలు చల్లి, రాత్రి గంప కింద మూసి, గద్దలొస్తే చీపురు పట్టుకుని పరిగెత్తింది కూడా మా అమ్మే. వాడు ఆ పులుసులో ఏ ముక్క తిన్నాడో వాడికి గుర్తుంది. మిగతావాళ్ళ కంచాల్లో ఏం పడిందో చూడాల్సిన అవసరం వాడికెప్పుడూ రాలేదు.

ఫోను పక్కన పడేసి డైనింగ్ టేబుల్ దగ్గరికి వస్తే, మా మనవరాలు ట్యాబ్ ముందేసుకుని లెక్కల హోంవర్కు చేస్తోంది. తెర మీద గుండ్రటి పిజ్జా బొమ్మలు. కొన్నిటికి ముక్కలు తీసేశారు. ఒక్కో బొమ్మ చూసి అది ప్రాపరో ఇంప్రాపరో మిక్స్‌డో నొక్కాలట.

"అమ్మమ్మా, ఇది ఏంటి? ఒక ఫుల్ పిజ్జా, ఇంకో హాఫ్."

"మిశ్రమ భిన్నం," అన్నాను. "మా నాన్న."

పిల్ల నవ్వింది. "మీ నాన్న ఫ్రాక్షన్ ఏంటి అమ్మమ్మా?"

నవ్వనీ. ఇంకా పసిది. దాని కంచంలో ఎవరూ దారం పట్టుకుని గుడ్డు కొయ్యలేదు.

మా ఊరు కూచిపూడి వైపు, కాలవ గట్టు మీద. ఊరి పేరు రాయను, ఇంకా అక్కడ చుట్టాలున్నారు, నొచ్చుకుంటారు. పెంకుటిల్లు, వెనక గొడ్లచావిడి, దాన్నానుకుని వంట పాక. వానాకాలం వస్తే ఇల్లంతా ఒకటే వాసన వేసేది: తడిసిన వరిగడ్డి, పేడ, ఆరని పుల్లల పొగ, ఆ పొగలోంచి చింతపండు పులుసు. ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు ఆ వాసన నా ముక్కుకి తగులుతుంది. నోరూరుతుంది, ఆ వెంటనే కోపమూ వస్తుంది. ఈ రెండూ విడివిడిగా రావడం నాకు తెలీదు.

ఆదివారం గుడ్లు. మిగతా రోజుల్లో పెట్టిన గుడ్లు పొదగడానికో అమ్మడానికో పోయేవి. ఆదివారానికని నాలుగు గుడ్లు నాయనమ్మ బియ్యపు కుండలో దాచేది. ఆవిడ మొగుడు పోయిన దగ్గర్నుంచి నీచు మానేసింది. గుడ్డు నోట పెట్టదు. కానీ పంచే అధికారం మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు. అమ్మ ఉడికించి, పెంకు ఒలిచి, పులుసులో వేసి దించాక, నాయనమ్మ పీట వేసుకుని కూర్చునేది. జాకెట్లు కుట్టుకునే తెల్లదారం ఒక మూర తెంపి, గుడ్డు చుట్టూ ఒక చుట్టు వేసి, రెండు కొసలూ పట్టి లాగేది. కత్తితో కోసినా అంత నున్నగా తెగదు. ఆ పని చూడ్డానికి మాకు సరదాగా ఉండేది. అబద్ధం ఎందుకు, ఆ సరదా నిజమే.

నాన్నకి ఒకటిన్నర. తమ్ముడికి ఒకటిన్నర. అక్కా నేను ఇద్దరం కలిపి ఒకటి, అంటే తలా సగం. నాలుగూ అయిపోయాయి. అమ్మకి గిన్నె అడుగున మిగిలిన పులుసు.

ఇక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. మా గుడ్డు కోశాక నాయనమ్మ రెండు సగాల్లోంచీ పచ్చసొన బొటనవేలితో గిల్లి తీసి తమ్ముడి అన్నంలో వేసేది. "మగపిల్లాడు, ఎముక గట్టిపడాలి," అనేది. తర్వాత మా రెండు తెల్లటి దొప్పల్లో గరిటెతో పులుసు పోసేది, ఖాళీ కనపడకుండా. పైనుంచి చూస్తే నిండుగానే ఉండేవి. వేలు పెడితే తెలిసేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక అమ్మకి కళ్ళు తిరగడం ఎక్కువైంది. ఒకసారి చావిడిలో కుడితి తొట్టి దగ్గర పడిపోయింది. నాన్న బస్సులో బెజవాడ తీసుకెళ్ళాడు. అక్కనీ తమ్ముణ్ణీ ఇంట్లో వదిలి, నేను ఏడ్చి రాద్ధాంతం చేశానని నన్ను కూడా తీసుకెళ్ళారు. గవర్నర్‌పేటలో ఒక మేడమీద లేడీ డాక్టరు. మెట్ల కింద హోల్‌సేల్ బట్టల కొట్టు, గంజి పెట్టిన కొత్తగుడ్డ వాసన పైదాకా వచ్చేది. డాక్టరమ్మ అమ్మ కింది రెప్ప లాగి చూసింది. నాలిక చాపమంది. గోళ్ళు చూసింది.

"ఒంట్లో రక్తం లేదమ్మా నీకు. ఏం తింటున్నావు?" అంది.

అమ్మ నాన్న వంక చూసింది. "అన్నీ తింటుందండీ," అన్నాడు నాన్న.

"రోజూ ఒక గుడ్డు పెట్టండి. పూర్తి గుడ్డు. ఆకుకూరలు, బెల్లం. మాత్రలు రాస్తున్నాను, కానీ తిండి లేకపోతే మాత్రలేం చేస్తాయి?"

ఇంటికొచ్చి నాన్న ఆ మాట చెప్పాడు. చెప్పలేదనను. నాయనమ్మ మజ్జిగ చిలుకుతూ తల ఎత్తకుండా అంది. "నేను ఏడుగుర్ని కన్నాను. ఏ గుడ్డు తిన్నాను? వేడి చేస్తుంది, మానుకోమను." నాన్న సరేనని పొలం వెళ్ళిపోయాడు. మాత్రలు కిటికీ గూట్లో పెట్టుకుని అమ్మ వేసుకునేది. గుడ్డు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఒక్క నాకు మాత్రం "పూర్తి గుడ్డు" అన్న మాట చెవిలో ఉండిపోయింది. డాక్టరమ్మ ఎంత తెలివైందో, మా ఇంటికి రాకుండానే ఆ మాట నొక్కి చెప్పింది.

ఆ రోజుల్లోనే మా బడిలో భిన్నాలు మొదలుపెట్టారు. మేష్టారు చెడ్డవాడు కాదు. బెత్తం ఉండేది, వాడేవాడు కాదు. పైన లవం, కింద హారం అని బోర్డు మీద గీసి చెప్పాడు. పైది చిన్నదైతే క్రమ భిన్నం, ఒకటి కన్నా తక్కువ. పైది పెద్దదైతే అపక్రమ భిన్నం. దాన్నే విడగొట్టి ఒకటీ, ఒక సగం అని రాస్తే మిశ్రమ భిన్నం. "అపక్రమమూ మిశ్రమమూ ఒక మనిషే రా, చొక్కా మార్చుకున్నాడు," అన్నాడు. తర్వాత, ఎవరింట్లోంచి వాళ్ళు ఉదాహరణలు చెప్పమన్నాడు. ఒకడు అరసోలెడు పాలన్నాడు. ఒకడు ఎకరన్నర పొలమన్నాడు. నేను లేచి నుంచున్నాను.

"అక్కా నేనూ క్రమ భిన్నాలండీ. నాన్న మిశ్రమ భిన్నం, తమ్ముడు అపక్రమ భిన్నం."

మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అదెట్లాగే?"

చెప్పాను. నాలుగు గుడ్లు, దారం, ఎవరికెంత. క్లాసంతా గొల్లుమంది. మేష్టారు కూడా నవ్వాడు, సంబరంగా. "శభాష్. ఒక్క తప్పు లేదు. మరి మీ అమ్మ?"

"అమ్మకి లేదండీ."

"లేకపోవటమేంటే, సున్నా కూడా లెక్కే," అని బోర్డు మీద కింద రెండు వేసి, గీత గీసి, పైన సున్నా చుట్టాడు. అందరూ దాన్ని పలకల మీదకి ఎక్కించుకున్నారు. మా అమ్మ అందరి పలకల మీదా ఎక్కింది. ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

ఏడుపు మింగి ఇంకో మాట అడిగాను. "మేష్టారూ, సగం అంటే రెండూ సమానంగా ఉండాలా?"

"ఉండాలి. సమాన భాగాలు చేస్తేనే భిన్నం."

"ఒకదాంట్లోంచి మంచిది తీసేస్తే?"

"అప్పుడది భిన్నం కాదు. ఉత్త ముక్క," అన్నాడు మేష్టారు, సుద్దముక్క పెట్టెలో వేస్తూ. గంట కొట్టారు.

ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ కాళ్ళు నేల మీద కొట్టుకుంటూ నడిచాను. నేను ఇన్నాళ్ళూ సగమైనా తింటున్నానని అనుకున్నాను. అది సగం కూడా కాదు. సగం అని పేరు పెట్టి, పులుసు పోసి మూసి నా కంచంలో పెట్టిన ఖాళీ దొప్ప. తక్కువ పెట్టారని కాదు, తక్కువని తెలియకుండా పెట్టారని నాకు కోపం. చిన్నదాన్ని కాబట్టి ఇన్ని మాటలు లేవు అప్పట్లో, కోపం మాత్రం ఇంతే ఉంది.

మేష్టారు ఆ సాయంత్రం కాఫీ హోటల్ దగ్గర నాన్నతో అన్నాడట, "మీ అమ్మాయి చురుకైందండీ, మిమ్మల్ని మిశ్రమ భిన్నం చేసేసింది," అని. అక్కడున్న నలుగురూ నవ్వారు. మేష్టారు మెచ్చుకుందామనే చెప్పాడు. నాన్న మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. నన్నేమీ అనలేదు. వంట పాక గుమ్మంలో నుంచుని అమ్మని అన్నాడు.

"ఊళ్ళో తలెత్తుకోనివ్వవా? పిల్లలకి తిండి లెక్కలు నేర్పుతున్నావా?"

అమ్మ పొయ్యి ఊదుతోంది. "నేనేం నేర్పలేదండీ."

"నేర్పకపోతే పసిపిల్లకెట్లా తెలుస్తయ్యే?" అంది నాయనమ్మ అరుగు మీంచి. "గుడ్డు కావాలని దానికుంటే నోరు తెరిచి అడగమను. పిల్లదాని చేత బళ్ళో చెప్పించటమెందుకు, సిగ్గు లేకుండా."

అమ్మ ఊదుగొట్టం నోటి దగ్గర పెట్టుకునే ఉంది, ఊదటం మాత్రం మర్చిపోయింది. పొగంతా మొహాన కొట్టింది. నేను గుమ్మం పక్కన నుంచుని చూస్తున్నాను. నిజం చెప్పింది నేను. లెక్క కట్టింది నేను. తిట్లు మాత్రం ఆవిడకి, అదీ అసలు ముట్టని గుడ్డు గురించి.

నాలుగు రోజులు ఆగి, గంప ఎత్తి కోళ్ళని వదిలే పని నాది కాబట్టి, వెచ్చగా ఉన్న గుడ్డొకటి లంగా కుచ్చిళ్ళలో దాచాను. నీళ్ళపొయ్యి బూడిదలో పెట్టాను. ఫట్‌మని పేలింది. జుట్టంతా బూడిదా గుడ్డు పెంకూ. అక్క పగలబడి నవ్వింది, తర్వాత భయపడి నా తల కడిగింది. రెండోది గొడ్లకి ఉలవలు ఉడికే కుండలో వేశాం. ఉలవల కుండ వైపు నాయనమ్మ రాదు. ఉడికాక అక్క దాన్ని ఓణీ చెంగులో చుట్టుకుని, ఇద్దరం చావిడిలోకి పరిగెత్తాం. అమ్మ గేదె పొదుగు కడుగుతోంది.

"ఇదిగో," అన్నాను. "పూర్తి గుడ్డు. తిను."

అమ్మ అటూ ఇటూ చూసింది. "ఎక్కడిదే ఇది?"

"కోడిది. తిను. డాక్టరమ్మ చెప్పింది కదా."

అమ్మ చేతులు తుడుచుకుంది. గుడ్డు తీసుకుని పొట్టు ఒలిచింది. ఒలుస్తుంటే ఆవిరొచ్చింది, ఉలవల వాసనతో. నాకెంత సంతోషమేసిందో. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు మా అమ్మ ఏం చేసిందనుకున్నారు? చీర చెంగు అంచులోంచి ఒక పోగు లాగి, గుడ్డు చుట్టూ వేసి, సరిగ్గా మధ్యకి లాగింది. పచ్చసొన అటు సగం, ఇటు సగం. వెంట్రుకవాసి తేడా లేదు. ఒకటి అక్క చేతిలో పెట్టింది. ఇంకోటి నాకు చాపింది.

"తినండమ్మా, ఎవరన్నా వస్తారు."

నా జన్మలో మొదటిసారి నాకు అసలైన సగం దొరికింది, పచ్చసొనతో సహా. దాన్ని తీసుకుని బలమంతా పెట్టి నేలకేసి కొట్టాను. గేదె మూత్రం, పేడ కలిసిన బురదలో పడింది. "నీకు తెచ్చాం! నీకు!" అని అరిచాను. అక్క భయపడి తన సగం గబుక్కున నోట్లో కుక్కుకుంది, పాపం దానికి ఇంకేం తోచలేదు.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వంగి ఆ ముక్క తీసింది. బిందెలో నీళ్ళు వంచి కడిగింది, గోటితో అంటిన పేడ గీకింది. పచ్చసొన కొంచెం కరిగిపోయింది.

"కింద పడ్డది మీకెట్లా పెడతానే," అంది, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు. గోడ వైపు తిరిగి నోట్లో పెట్టుకుంది.

మా అమ్మ గుడ్డు తినడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది. తర్వాత బొటనవేలికి అంటిన పచ్చసొన చప్పరించింది, చిన్నపిల్లలాగా. ఆవిడకి గుడ్డంటే ఇష్టమని నాకప్పుడు తెలిసింది. ఇష్టం లేక మానేస్తుందేమోనని అంతవరకూ నా మనసులో ఒక మూల ఉండేది. ఆ కాస్త ఊరటా పోయింది.

ఇంకోటి కూడా తెలిసింది. మా అమ్మ ఎవరైనా పెడితే తినదు, పారేస్తే తింటుంది.

ఇక అక్కడ్నుంచి మా అల్లరి మొదలైంది. ఆదివారం నాయనమ్మ దొప్పలో పులుసు పోసి పెట్టగానే నేను మోచెయ్యి తగిలించి కింద పడేసేదాన్ని. ఇంకో ఆదివారం ఈగ పడిందనేదాన్ని. అక్క వాంతొస్తోందని కడుపు పట్టుకునేది, దాని నటన నాకన్నా బాగుండేది. నాయనమ్మ తిట్టిపోసేది. "ఈ ముండలకి కళ్ళు నెత్తికెక్కాయి. తియ్, మీ అమ్మ మొహాన కొట్టు." సరిగ్గా మాకు కావలసింది అదే. పచ్చసొన లేని తెల్లముక్క అయితేనేం, రెండు కలిపితే ఎంతో కొంత. ఒకసారి తమ్ముడు, మమ్మల్ని చూసి వాడికీ ఆటనిపించిందేమో, తన పూర్తి గుడ్డు పచ్చసొనతో సహా నేల మీద దొర్లించాడు. నాయనమ్మ ఆదరాబాదరాగా వాడికి ఇంకోటి ఉడకేయించింది. దొర్లింది అమ్మకి పోయింది. వాడంటే నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే. వాడికి ఇదేదీ గుర్తులేదు. అడిగితే, "నేనా? పడేశానా? నాయనమ్మ ఊరుకుందా?" అంటాడు.

నాయనమ్మ పోయింది. నాన్నా పోయాడు. ఆ పెంకుటిల్లు పోయి అక్కడ రొయ్యల చెరువు వచ్చింది. నాయనమ్మ మీద నాకు కోపం తగ్గిందా అని మా అక్క అడుగుతూ ఉంటుంది. ఆవిడా ఖాళీ దొప్పలే తిని పెరిగిందని, ఆవిడకెవరూ పెట్టలేదని నాకు తెలుసు. తెలిస్తే కోపం తగ్గాలని ఎక్కడుంది? తగ్గలేదు. ఆ రోజులే వేరని ఎవరైనా నిట్టూరిస్తే, ఎవరికి వేరో చెప్పమని అడగాలనిపిస్తుంది. అడిగితే ముసలితనంలో చాదస్తం అంటారు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు తగ్గింది, చెవులు పనిచేస్తాయి. ఆవిడ చేత గుడ్డు తినిపించడానికి నేను ఈ వయసులో కూడా నాటకమే ఆడుతున్నాను. ఉప్పెక్కువైందమ్మా, పిల్ల వద్దందమ్మా, ఫ్రిజ్‌లో పెడితే వాసనొస్తుంది, పారేస్తున్నానమ్మా. "అయ్యో, పారెయ్యకే, ఇటివ్వు," అని చెయ్యి చాపుతుంది. ప్రతిసారీ ఆ చెయ్యి చూసి నాకు చావిడి గుర్తొస్తుంది.

ఈ ఆదివారం నాటకం ఆడకూడదనుకున్నాను. తమ్ముడి ఫొటో నన్ను అంతగా రేపింది. గుడ్ల పులుసు చేశాను, అమ్మ చేసినట్టే, చింతపండు కాస్త ఎక్కువగా, బెల్లం ముక్క వేసి. అమ్మని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, అందరికన్నా ముందు ఆవిడ కంచంలో వేడన్నం, దాని మీద ఒక పూర్తి గుడ్డు వేశాను. కొయ్యలేదు. ఏ సాకూ చెప్పలేదు. మనవరాలు ట్యాబ్ పక్కన పెట్టి చూస్తోంది.

అమ్మ వేళ్ళతో తడిమి చూసింది. గుండ్రంగా, పగలకుండా, పచ్చసొన లోపలే ఉన్న గుడ్డు. చెయ్యి దాని మీదే ఆగిపోయింది. మొహం నా వైపు తిప్పి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరొద్దన్నారే?"

"ఎవరూ వద్దనలేదమ్మా. అది నీదే. నీకోసమే చేశాను."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది, ఇంకొంచెం నెమ్మదిగా. "మరి కింద పడిందా?"